ఎడమవైపు ఒకటిన్నర అంగుళం

కాలేజీ ఆఫీసు గుమాస్తా రిపోర్టు తెరిచి, మొదటి పేజీ మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టాడు. ఒక కన్ను మూసి, ముక్కు కాగితానికి ఆనేంతగా వంగి చూశాడు. తర్వాత స్కేలు తీసి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ పెట్టాడు.

“ఒక్క అంగుళమే ఉంది.”

“ఏది సార్?” అంది కిటికీ ఇవతల నిలబడిన కోడలు.

“ఎడమవైపు మార్జిన్. ఒకటిన్నర ఉండాలి. బైండింగులో అర అంగుళం లోపలికి పోతుంది కదమ్మా. ఇలాగే తీసుకున్నామనుకోండి, ప్రతి లైనులో మొదటి అక్షరం కుట్టు మింగేస్తుంది. రేపు చదివేవాళ్ళు పుస్తకాన్ని చీల్చుకుని చదవాలా?”

ఆయన మాత్రం అందులో ఒక్క వాక్యం కూడా చదవలేదు. ఏడాదిపాటు జనరల్ వార్డులో మంచం పట్టిన నలభైమంది రోగులను రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి, ఎవరి వీపు మీద పుండు పడింది, ఎవరికి పడలేదు, ఎందుకు పడలేదు అని రాసుకున్నదంతా ఆ తొంభై రెండు పేజీల్లో ఉంది. అదంతా వదిలేసి ఈ మనిషి కాగితం మీద ఖాళీ ఎంతుందో కొలుస్తున్నాడు.

“సార్, ఇవాళే ఆఖరు కదా.”

“ఆఖరే. సాయంత్రం నాలుగింటికి ఈ కిటికీ మూసేస్తా. ఇప్పుడు పదీ పదే కదా అయింది. కంప్యూటర్లో మార్జిన్ మార్చడం ఎంతసేపు? ఒక్క నొక్కు.”

ఆ మాట నిజమే కాబట్టి కోడలు పెద్దగా కంగారు పడలేదు. ఇంటికి అరగంట, నొక్కడానికి అర నిమిషం, వీధి చివర షాపులో ప్రింటు తీయించడానికి ఓ గంట. భోజనం చేసి వచ్చినా సరిపోతుందనుకుంటూ బస్సెక్కింది. ఈ రిపోర్టు ఇవాళ లోపలికి వెళ్ళిందా, చదువు పూర్తయి, నెల తిరిగేసరికి ఆమె నర్సింగ్ స్కూల్లో టీచరు. వెళ్ళలేదా, ఇంకో ఏడాది వార్డే. ఆ టీచరు కుర్చీని ఏడాదిపాటు ఎవరూ ఖాళీగా ఉంచరు. పదకొండేళ్ళుగా మనుషులను ఎత్తి, తిప్పి, కూర్చోబెట్టి ఆమె నడుము ఎప్పుడో చేతులెత్తేసింది. రోగిని పక్కకు తిప్పేటప్పుడు ఎవరు ముందు మూలుగుతారో చెప్పలేమని తోటి నర్సులు నవ్వుతుంటారు.

ఇంట్లో అడుగుపెట్టగానే మామగారు వరండాలో కుర్చీలోంచి లేచారు.

“అయిందా అమ్మాయీ? ఏమన్నారు?”

“చిన్న మార్పు చెప్పారు మామయ్యా. మార్జిన్.”

“మార్జినా!” ఆయనకు గుచ్చుకున్నట్టయింది. కోర్టులో ముప్పై నాలుగేళ్ళు టైపిస్టుగా పనిచేసిన మనిషి. ఆయన కొట్టిన కాగితాన్ని జడ్జిగారు వెనక్కి పంపిన రోజు లేదు. “నేను సరిగ్గా అంగుళం వదిలానే!”

“వాళ్ళకు ఒకటిన్నర కావాలట. మీ తప్పేం లేదులెండి. ఒక్క నిమిషం.”

రిపోర్టు టైపు చేసింది ఆయనే. కోడలు డ్యూటీ దిగి వచ్చి రాత్రిళ్ళు నోటుపుస్తకంలో రాసి పెడితే, పగలంతా కంప్యూటరు ముందు కూర్చుని నాలుగు నెలల్లో పూర్తిచేశారు. కొడుకు ఇంట్లో పెట్టించిన ఆ కంప్యూటరును అంతకుముందు ఆయన ముట్టుకున్నది లేదు. అక్షరాలు ఎక్కడున్నాయో చూపిస్తే చాలు, మిగతాది నాకు తెలుసు అన్నారు. రోజూ సాయంత్రం ఆ రోజు కొట్టిన పేజీలు ప్రింటు తీయించుకొచ్చి, చొక్కా గుండీలు పెట్టుకుని మరీ ఆమె చేతికిచ్చేవారు.

“చూడమ్మా. ఏవైనా తప్పులుంటే చెప్పు.”

“చాలా బాగుంది మామయ్యా” అనేది కోడలు, చెప్పులైనా విప్పకుండా. కాగితం మీద నిజంగానే బాగుండేది. శీర్షిక సరిగ్గా మధ్యలో, కింద రెండు గీతల నడుమ పేజీ నంబరు, పేరాలన్నీ తీర్చినట్టు. ఆమె ఏ రోజూ కంప్యూటరులో ఆ ఫైలు తెరిచి చూడలేదు. చూడాలని తోచనైనా లేదు.

ఇప్పుడు తెరిచింది. అంతా సెలెక్ట్ చేసి, ఎడమ మార్జిన్ దగ్గర ఒకటి తీసి ఒకటిన్నర కొట్టి, ఓకే నొక్కింది.

కోట కూలినట్టు కూలింది రిపోర్టు.

ప్రతి లైనులో చివరి రెండు మాటలు కిందికి జారి అక్కడే ఆగిపోయాయి. వాటి కింద మళ్ళీ పొడుగు లైను, దాని కింద మళ్ళీ రెండు మాటలు. పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి. పేజీ అడుగున ఉండాల్సిన నంబరు నడిమధ్యకు ఎక్కి కూర్చుంది. మధ్యలో ఉండాల్సిన శీర్షికలు కుడివైపు గోడకు చేరగిలబడ్డాయి. నలభైమంది రోగుల పట్టిక సంగతి చెప్పనక్కర్లేదు. ఒకరి వయసు ఇంకొకరి మంచం నంబరు పక్కకు, ఒకరి పుండు ఇంకొకరి వీపు మీదికి వెళ్ళిపోయాయి. తొంభై రెండు పేజీలు నూట అరవై అయ్యాయి.

“అయ్యో అయ్యో, ఏం నొక్కావమ్మా?” అన్నారు వెనక నుంచి మామగారు.

దాచిన గుర్తులన్నీ బయటపెట్టే మీట ఒకటుంటుందని కోడలికి తెలుసు. దాన్ని నొక్కింది. నొక్కగానే తెరమీద తెల్లగా కనిపించిన చోటల్లా చీమలు పట్టినట్టు చుక్కలు పుట్టుకొచ్చాయి. ఒక్కో చుక్క ఒక్కో ఖాళీ. శీర్షికలను మధ్యకు తెచ్చింది ఆ చుక్కలే. పట్టికలో గడులే లేవు, చుక్కలే ఉన్నాయి. ఇక ప్రతి లైను చివరా, పేరా అయిపోతేనే ఉండాల్సిన గుర్తు, కాపలావాడిలా నిలబడి ఉంది.

“మామయ్యా,” అంది నెమ్మదిగా, “ప్రతి లైను చివరా ఎంటర్ కొట్టారా?”

“కొట్టకపోతే ఎలా అమ్మా? లైను కాగితం దాటిపోదూ?”

“దాటదు మామయ్యా. అదే కిందికి దిగుతుంది.”

“అదే దిగుతుందా?” మామగారు కాసేపు నమ్మలేనట్టు చూశారు. “నాకేం తెలుసు? మా మిషనుకైతే లైను అయిపోవచ్చేసరికి గంట మోగేది. దీనికి గంట లేదాయె. అందుకని లైనుకు ఇన్ని అక్షరాలని మనసులో లెక్కపెట్టుకుంటూ కొట్టాను. మాట పట్టకపోతే విరిచి అడ్డగీత పెట్టాను. రెండు రోజులు కష్టమనిపించింది. తర్వాత అలవాటైపోయింది.”

నాలుగు నెలలు. తొంభై రెండు పేజీలు. పేజీకి ఇరవై ఎనిమిది లైన్లు. ఆ లెక్కంతా ఈ మనిషి వేళ్ళ మీద వేసుకుంటూ కూర్చున్నారన్నమాట. ఏడవాలో నవ్వాలో కోడలికి తెలియలేదు. గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది కాబట్టి రెండూ మానుకుంది.

ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచింది. లైను చివరి గుర్తులన్నీ తీసేసి, ఆ స్థానంలో ఒక్కో ఖాళీ పెట్టమంది. యంత్రం చెప్పినట్టే చేసింది. ముఖపత్రం నుంచి ఆఖరి పేజీ దాకా, శీర్షికలూ, కృతజ్ఞతలూ, రోగులూ, మందులూ అన్నీ కలిసి ఊపిరి తీసుకోకుండా ఒకే ఒక్క పేరా అయిపోయాయి.

“ఇందాకే నయం” అన్నారు మామగారు.

కోడలు పళ్ళు బిగించి అన్‌డూ నొక్కింది. మళ్ళీ పొడుగు, పొట్టి.

“ఒక్కో లైను దగ్గరికీ వెళ్ళి అతికించుకుంటూ వస్తే?” అన్నారు ఆయన.

“రెండువేల ఐదువందల లైన్లు మామయ్యా.”

“పోనీ, అక్షరాలు చిన్నవి చేస్తే మళ్ళీ ఒకే లైనులో పడతాయేమో?”

“సైజు పన్నెండే ఉండాలి. అదీ కొలుస్తాడు ఆయన.”

“మార్జిన్ అంగుళమే ఉంచి, కాగితాన్నే కొంచెం పక్కకు జరిపి ప్రింటు తీయిస్తే?”

“కుడివైపు అక్షరాలు తెగిపోతాయి.”

“అయితే నేను మళ్ళీ కొడతాను. నువ్వు లే. గంటకు నాలుగు పేజీలు...”

“మామయ్యా!” కోడలి గొంతు వంటింటి దాకా వినిపించింది. “మీకు దండం పెడతాను, కాసేపు అటు వెళ్ళి కూర్చోండి! మీరు చేసిన సాయం చాలు. నాలుగింటికి కిటికీ మూసేస్తారు. నా బతుకు ఈ చుక్కల్లో కొట్టుకుపోతోంది, మీరు పక్కన నిలబడి గంట లేదు, గిన్నె లేదు అంటున్నారు!”

దేవుడి గదిలో జపం చేసుకుంటున్న అత్తగారు ఆగారు. “ఏమైందే?” అని తల బయటపెట్టి, ఇద్దరి ముఖాలూ చూసి, మళ్ళీ లోపలికి పోయారు. తొమ్మిదేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో కోడలు మామగారి మీద గొంతు లేపడం అదే మొదటిసారి.

మామగారు వెళ్ళలేదు. కోపమూ తెచ్చుకోలేదు. తెరమీది చుక్కల వంక చూస్తూ, “రోజూ చూపించాను కదమ్మా” అన్నారు. “రోజూ బాగుందన్నావు.”

“కాగితం మీద బాగుంది మామయ్యా. ఇందులో ఎలా ఉందో నేనేం చూశాను?”

“చూడకుండానే బాగుందన్నావన్నమాట.”

పెద్దవాళ్ళను నొప్పించకూడదని కోడలు చిన్నప్పటి నుంచి వింటున్నదే. నొప్పించకుండా ఉండటానికి చూడకుండానే మెచ్చుకుంటే అది మర్యాద కిందికి వస్తుందో, ఇంకో దాని కిందికి వస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే దేవుడి పటం ముందు నిలబడి, ఒక కన్ను గడియారం మీద వేసి ‘అంతా నీ దయ’ అని వచ్చేయడం కూడా ఇలాంటిదే కాబోలు. లోపల ఎన్ని ఖాళీలున్నాయో చుక్కలతో సహా చూపించే మీట ఆ దేవుడి దగ్గర ఉండకపోదు. ఉండీ ఏమీ అనడు, అంతే. మామగారు మాత్రం అన్నారు.

“తప్పు నాదే,” అంది కోడలు. “కసిరినందుకూ, చూడనందుకూ కూడా. కానీ ఇప్పుడు ఏడ్చే టైము కూడా లేదు. ఏది లైను చివరో, ఏది పేరా చివరో ఈ యంత్రానికి తెలియదు. రెండింటికీ ఒకటే గుర్తు పెట్టారు మీరు.”

“చివర చూస్తే ఎలా తెలుస్తుంది? మొదట్లో చూడు” అన్నారు మామగారు.

“మొదట్లో ఏముంది?”

“ఐదు ఖాళీలు. పేరా మొదలయ్యే చోట ఐదు. నాలుగు కాదు, ఆరు కాదు. పేరా మధ్యలో లైనుకు మొదట ఖాళీయే ఉండదు. నేనలా కొట్టను.”

కోడలు కుర్చీలో ముందుకు జరిగింది. మొదటి పేరా ముందు చుక్కలు లెక్కపెట్టింది. ఐదు. పేజీ తిప్పింది. ఐదు. అరవయ్యో పేజీకి పోయి చూసింది. అక్కడా ఐదే. శీర్షికల ముందూ పేజీ నంబర్ల ముందూ ఇంకా ఎక్కువే ఉన్నాయి గానీ, ఐదుకు తక్కువ ఎక్కడా లేవు.

గుర్తు పక్కన ఐదు ఖాళీలున్న ప్రతిచోటా ముందు ఆ గుర్తు తీయించి ఒక జత నక్షత్రాలు పెట్టించింది. విరిచిన మాటల అడ్డగీతలను గుర్తుతో సహా ఎత్తించేసింది. మిగిలిన గుర్తులను ఒక్కో ఖాళీగా మార్చింది. ఆఖరున నక్షత్రాలున్న చోట మళ్ళీ పేరా గుర్తు పెట్టించింది. ఆఖరి నొక్కు నొక్కే ముందు కళ్ళు మూసుకుంది.

తెరిచేసరికి పేరాలు పేరాల్లా ఉన్నాయి.

“వచ్చింది!” అని కేక పెట్టింది. కానీ ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. మామగారు చేత్తో కొట్టిన పేజీ నంబర్లు ఎక్కడివక్కడే పాతుకుపోయి ఉన్నాయి. ‘రోగి భుజం కింద చెయ్యి వేసి’ అని ఒక చోట ఆగి, కింద పదిహేడు, దాని పక్కనే ‘మెల్లగా పక్కకు తిప్పాలి’ అని వస్తోంది. అలాంటివి తొంభై రెండు. వాటికి మందు లేదు. ఒక్కొక్కటీ పట్టుకుని తీసేయాల్సిందే.

మామగారు ప్రింటు కాగితాలు తెచ్చుకుని పక్కన కూర్చున్నారు. ప్రతి పేజీ ఆఖరి మాట ఆయన చదవడం, ఆమె దాన్ని వెతికి నంబరు తీసేసి అతకడం.

“ముప్పై ఒకటి. ‘దూదితో’.”

“దూదితో. తీశాను.”

“ముప్పై రెండు. ‘పరుపు’.”

“పరుపులు చాలా ఉన్నాయి మామయ్యా, ఏ పరుపు?”

“గాలి పరుపు.”

“ఆ ముక్క ముందే చెప్పచ్చుగా!”

“నువ్వు గొంతు తగ్గించి అడగచ్చుగా.”

అత్తగారు పళ్ళేలు తెచ్చి కీబోర్డు పక్కన పెట్టారు. “ముప్పై నాలుగేళ్ళు ఆ మిషను చప్పుడు విన్నాను. ఇప్పుడు మీ ఇద్దరి చప్పుడూ వినాలని రాసిపెట్టి ఉంది” అన్నారు. ఇద్దరూ తింటూనే నంబర్లు పీకారు. అది అయ్యాక శీర్షికలు. ముందున్న చుక్కలన్నీ తుడిచేసి, సెంటర్ నొక్కితే అవే మధ్యకు వచ్చి నిలబడ్డాయి. రోగుల పట్టికకు మాత్రం నిజం గడులు గీసి, నలభైమందినీ మళ్ళీ వాళ్ళ వాళ్ళ మంచాల మీదికి చేర్చడానికి ముప్పావుగంట పట్టింది. పేజీ అడుగున ఫుటర్లో ఒక్కచోట పేజీ నంబరు పెట్టగానే అన్ని పేజీలకూ వరసగా అంకెలు పడ్డాయి. చివరగా మొత్తం ఎంచుకుని జస్టిఫై నొక్కింది.

మామగారు కుర్చీలోంచి లేచి తెరకు దగ్గరగా వంగారు. కుడి అంచు కూడా గోడ కట్టినట్టు నిటారుగా వచ్చింది.

“ఒక్క నొక్కుకే?” అన్నారు.

“ఒక్క నొక్కుకే.”

“నా సర్వీసులో రెండేసార్లు తెచ్చాను అలా. మధ్యమధ్య ఖాళీలు సర్ది, ఒక్క కాగితానికి ఓ పూటంతా పట్టేది.” ఇంకేమీ అనకుండా కండువా తీసుకుని, “పద, నేనూ వస్తాను. పేజీలు వరస చూడాలి కదా” అన్నారు. వద్దనడానికి కోడలికి ఓపిక లేదు.

ప్రింటు షాపులో ముందు ఒక పెళ్ళిపత్రిక వాళ్ళున్నారు. వాళ్ళు బంగారు రంగా, ఎరుపు రంగా అని తేల్చుకునేసరికి పావుగంట పోయింది. కాగితాలు చేతికి వచ్చేసరికి మూడూ ఐదు. రిపోర్టు తొంభై తొమ్మిది పేజీలు తేలింది. బస్సు ప్రతి స్టాపులోనూ ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు ఆగింది. కోడలు కాలు నేలమీద తాటిస్తూ కూర్చుంది. మామగారు పక్క సీట్లో ఒక్కో కాగితం తిప్పి చూస్తున్నారు. కాలేజీ మెట్లెక్కుతున్నా ఆయన తల కాగితాల్లోంచి లేవలేదు. కిటికీ ముందు ముగ్గురున్న వరసలో నిలబడ్డాక, ఆమె మోచేయి మీద తట్టారు.

“అమ్మాయీ, విషయసూచికలో రెండో అధ్యాయం పదకొండో పేజీ అని ఉంది.”

“అయితే?”

“పన్నెండులో ఉంది.”

కోడలు కాగితాలు లాక్కుని చూసింది. విషయసూచిక! దాన్ని కూడా ఆయన చేత్తోనే కొట్టారు. పేజీలు పెరిగాయి గానీ ఆ అంకెలు పాతవే. తొమ్మిది అధ్యాయాల్లో మొదటిది తప్ప ఎనిమిదీ తప్పే. టైము మూడూ నలభై. ఇంటికి పోయి రావడానికే గంట.

“ఊరుకోండి మామయ్యా,” అంది పెదాలు కదలకుండా. “ఆయన చదవడు. కొలుస్తాడంతే.”

“తెలిసి తప్పు దాఖలు చేస్తామా?”

“చేస్తాం. ఈ ఒక్కసారికి చేస్తాం.”

వరస కదిలింది. గుమాస్తా రిపోర్టు తీసుకుని, స్కేలు పెట్టి, ఒక కన్ను మూశాడు. “ఒకటిన్నర. చూశారా, ఒక్క నొక్కు అన్నానా లేదా?” అన్నాడు. కోడలు నవ్వినట్టు ముఖం పెట్టింది. ఆయన ఇంకో నాలుగు పేజీలు కొలిచి, స్టాంపు తీసి ఇంకు ప్యాడు మీద అద్దాడు.

అప్పుడు మామగారు దగ్గారు. ఆ దగ్గు దగ్గు కాదని ఎవరికైనా తెలుస్తుంది.

“ఏంటి పెద్దాయనా?” గుమాస్తా చెయ్యి గాల్లో ఆగింది.

“ఏం లేదు బాబూ. చెప్పాలంటే మా అమ్మాయే చెప్పాలి. రిపోర్టు తనది.” అనేసి మామగారు గోడకున్న నోటీసులు చదవడం మొదలుపెట్టారు.

కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. నిప్పు అంటించి పక్కకు జరిగారు చూడు, ఎంత తెలివి! ఆ స్టాంపు కాగితానికి జానెడు దూరంలో ఉంది. ‘ఏమీ లేదండీ, ఆయనకు దగ్గు’ అంటే చాలు, టప్‌మని పడుతుంది. వార్డులో కొత్త నర్సులు చార్టులో అంకె తప్పు రాసి ఎవరూ చూడర్లే అంటే, చూసేదాకా ఆగుతావా అని వాళ్ళను ఉతికి ఆరేసేది తనే. రేపు టీచరయ్యాక ఆ మాటే పాఠంగా చెప్పాలి. చెప్పేటప్పుడు ఈ కిటికీ గుర్తుకు రాకుండా పోతుందా?

“విషయసూచికలో పేజీ నంబర్లు తప్పున్నాయి సార్,” అంది. ఆ మాట నోట్లోంచి పళ్ళు పీకినంత కష్టంగా వచ్చింది. “ఎనిమిది.”

గుమాస్తా స్టాంపు కింద పెట్టాడు. “పొద్దున మార్జిన్, ఇప్పుడు సూచికా? పెన్నుతో దిద్దుకోవచ్చు. పేజీకి మూడే దిద్దుబాట్లు. ఎనిమిది కుదరవు.”

“సార్, ఇంకా పావుగంట ఉంది. ఏదో ఒక దారి చెప్పండి.”

“నన్నడిగితే? మీరు చూసుకుని తేవాలి.”

“తప్పొప్పుల పట్టిక పెడితే తీసుకుంటారా బాబూ?” అన్నారు మామగారు నోటీసు మీంచి కళ్ళు తిప్పకుండా. “ఇందులో పన్నెండో నిబంధనలో ఉంది. చేతిరాత అయినా సరేనట.”

గుమాస్తా తన నోటీసును తానే మొదటిసారి చూస్తున్నట్టు అద్దాలు పైకి తోసి చూశాడు. “ఉంది,” అన్నాడు అయిష్టంగా. “తెల్లకాగితం మీద. ఎడమవైపు ఒకటిన్నర అంగుళం వదలాలి మరి.”

“వదులుతాం!” అంది కోడలు. అరిచినట్టే అంది.

కిటికీ పక్కన బల్ల మీద కాగితం పరిచింది. మామగారు రిపోర్టు తిప్పుతూ, “రెండో అధ్యాయం. తప్పు పదకొండు. ఒప్పు పన్నెండు” అని కోర్టులో వాంగ్మూలం చదివినట్టు చదివారు. ఆమె రాసింది. ఈసారి మాత్రం ఆయన నోటిని నమ్మలేదు. ప్రతి అంకెకూ పేజీ తనే తిప్పి, కళ్ళతో చూసి, అప్పుడు రాసింది.

“ఆరో అధ్యాయం. ఒప్పు యాభై ఎనిమిది.”

“యాభై ఏడు.”

“యాభై ఎనిమిదమ్మా.”

“ఇదిగో చూడండి. యాభై ఏడు.”

మామగారు అద్దాలు సవరించుకుని చూశారు. “అవును. యాభై ఏడే.”

వెనక వరసలో ఉన్నవాళ్ళు గొణిగారు. గోడ గడియారంలో ముల్లు పన్నెండు వైపు జరుగుతూనే ఉంది. కోడలి చేతిరాత వంకరలు పోయింది గానీ అంకెలు మాత్రం విడివిడిగా, అచ్చుగుద్దినట్టు పడ్డాయి. తొమ్మిదో అధ్యాయం రాసి, కింద సంతకం పెట్టి, కిటికీలోకి తోసింది. మూడూ యాభై ఏడు.

గుమాస్తా కొలిచాడు. “కొంచెం ఎక్కువే వదిలారు,” అన్నాడు. “ఎక్కువైతే ఫర్వాలేదు.” స్టాంపు పడింది. రసీదు చింపి ఇచ్చాడు. వెనకున్న మనిషి రిపోర్టు మీద స్కేలు పెట్టి గుమాస్తా “ఒక్క అంగుళమే ఉంది” అనడం వినబడింది. కోడలు వెనక్కి తిరిగి చూసే ధైర్యం చేయలేదు.

మెట్లు దిగాక రసీదును రెండుసార్లు చదివి, సంచిలో పెట్టి, జిప్పు లాగి, అప్పుడు మామగారి వైపు తిరిగింది.

“మీరు దగ్గకుండా ఉంటే పావుగంట ముందే అయిపోయేది.”

“అయిపోయేది.”

“అతను మాట వినకపోయుంటే? ఏం చేసేవాళ్ళం?”

“అది నేను ఆలోచించలేదమ్మా” అన్నారు మామగారు, కండువాతో ముఖం తుడుచుకుంటూ. కోడలి కోపం వచ్చిన దారినే పోతుందనిపించింది గానీ, పూర్తిగా పోలేదు.

బస్టాపులో బెంచీ మీద కూర్చున్నాక కోడలే అంది, “ఇంతకీ విషయసూచిక చేత్తో కొట్టక్కర్లేదు మామయ్యా. ఇది శీర్షిక అని ముందే గుర్తు పెడితే, కంప్యూటరే తయారు చేస్తుంది. పేజీలు మారితే అంకెలు కూడా అదే మార్చుకుంటుంది.”

మామగారు తల తిప్పి చూశారు. “అదే మార్చుకుంటుందా?”

“మార్చుకోమంటే మార్చుకుంటుంది.”

“నాలుగు నెలలు ఇంట్లోనే ఉన్నావే. ఒక్క రోజన్నా చెప్పావా?”

“మీరు అడిగారా?”

“నువ్వు చూశావా?”

పక్కన కూర్చున్న ఆవిడ సంచి సర్దుకుని కొంచెం అవతలికి జరిగింది. బస్సు వచ్చింది. నిలబడటానికే చోటు లేదు. కోడలు నడుము పట్టుకుని నిట్టూర్చి, ముందు మామగారిని ఎక్కించి, తర్వాత తను ఎక్కింది.